ఒకే బొమ్మ, నాలుగు ధరలు: విద్యుత్ గిటార్ల మార్కెట్‌లో దేశం పేరుకు విలువెంత?

(మా వాణిజ్య విలేఖరి)

నల్లగొండ: వరి, పత్తి, బత్తాయి ధరల కోసం ఈ పేజీ తిరగేసే పాఠకులకు నేటి సరుకు కొంచెం వింతగా తోచవచ్చు. కాని దేవరకొండ వైపు బత్తాయి తోట వున్న ఒక రైతు ఈ మధ్య మా కార్యాలయానికి వచ్చి వేసిన ప్రశ్న ధరవరల పేజీలో చర్చించదగినదే. ఇంజనీరింగు చదువుతున్న కుమారునికి విద్యుత్ గిటారు కొనడానికి ఆయన హైదరాబాదు వెళ్లారు. దుకాణంలో గోడకు వరుసగా నాలుగు వేలాడుతున్నాయట. నాలుగింటికీ ఒకే ఆకారం, ఒకే రంగు. ధరలు మాత్రం సుమారు ఇరవై వేలు, నలభై ఎనిమిది వేలు, ఎనభై ఐదు వేలు, లక్షా ఎనభై వేలు. "అచ్చం ఒక్క తీరుగనె ఉన్నయి గద సార్, గింత ఫరక్ ఎందుకు? అడిగితే ఇది ఇండోనేసియాది, అది మెక్సికోది, గదేమో అమెరికాదని చెప్తున్నరు. మనిషి ముఖం చూసి చెప్తున్నరా, సరుకు చూసి చెప్తున్నరా?" అని ఆయన అడిగారు. తోట మీద ఒక కాపుకు మిగిలే డబ్బులో పెద్ద భాగం ఆ గిటారుకు పోయేటట్లున్నప్పుడు ఈ ప్రశ్న అడగకపోవడమే తప్పు.

ఆయన కుమారుడు ఒక్కడే కాదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో గిటారుకు గిరాకీ చాలాకాలంగానే వుంది. నల్లగొండ 1976 నుంచి కేథలిక్ మేత్రాసన కేంద్రం. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు, దేవరకొండ ప్రాంతాలలో మెన్నొనైట్ మిషన్ చర్చిలున్నాయి. ఆదివారం పాటల బృందాలు, పెండ్లి ఆర్కెస్ట్రాలు, జానపద పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోలు, కళాశాల విద్యార్థులు, వీరే ప్రధాన ఖాతాదారులు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలలో దొరికేది ఎక్కువగా చౌకరకం. పదిహేను వేలు దాటిన సరుకు కావాలంటే హైదరాబాదుకు బస్సెక్కవలసిందే, లేదా ఇంటర్నెట్‌లో తెప్పించుకోవలసిందే.

నిజానికి తీగ, మెట్టు, బిరడ అనే మాటలు పాలమూరుకు కొత్తవి కావు. సొరకాయ బుర్రలు కట్టిన పన్నెండు మెట్ల కిన్నెర ఇక్కడిదే. దానిని వాయించిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. అందుచేత ఈ వ్యాసంలో ఇంగ్లీషు మాటలకు బదులు వీలైనంతవరకు మన వాద్యాల మాటలే వాడుతున్నాము.

ధరల నిచ్చెన

ముందుగా ఎక్కువ మంది అడిగే రకం చూద్దాం. ఫెండర్ సంస్థ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ అనే నమూనా అది. నేడు ఒకే సంస్థ దీనిని అనేక దేశాలలో తయారుచేయిస్తున్నది. కాలిఫోర్నియాలోని కరోనా కర్మాగారంలో తయారైన ప్రొఫెషనల్ రకం మన దేశంలో స్థూలంగా లక్షా డెబ్బై ఐదు వేల నుంచి రెండు లక్షల వరకు పలుకుతుంది. సరిహద్దుకు ఆవల మెక్సికోలోని ఎన్సెనాడాలో తయారైన ప్లేయర్ రకం ఎనభై, తొంభై వేల మధ్య. అదే సంస్థ స్క్వయర్ అనే చిన్న ముద్ర కింద ఇండోనేసియాలో చేయించే క్లాసిక్ వైబ్ నలభై ఐదు నుంచి యాభై వేలు, అఫినిటీ పాతిక, ముప్ఫయి వేల మధ్య, సోనిక్ ఇరవై వేల అటూ ఇటూ. దుకాణాన్ని బట్టి, డాలరును బట్టి, పండుగ తగ్గింపులను బట్టి ఇవి మారుతుంటాయి. పాఠకులు అంకెలకంటె వాటి నిష్పత్తిని గుర్తుంచుకోవడం మేలు. ఇండోనేసియా మేలురకానికి మెక్సికోది సుమారు రెట్టింపు, మెక్సికోకు అమెరికాది మళ్లీ రెట్టింపు.

గిబ్సన్ సంస్థ సంగతి కూడా ఇంతే. 1952లో వచ్చిన లెస్ పాల్ నమూనా నాష్‌విల్ కర్మాగారంలో తయారైతే ఒక ధర. అదే ఆకారం ఎపిఫోన్ ముద్రతో చైనాలోని చింగ్‌తావ్‌లో తయారైతే దానిలో సుమారు నాలుగో వంతు. పి.ఆర్.ఎస్. సంస్థ మేరీల్యాండ్ రాష్ట్రంలో తయారుచేసే రకానికీ, ఇండోనేసియాలో చేయించే ఎస్.ఇ. రకానికీ మధ్య ఇంకా పెద్ద దూరం వుంది.

ఈ నిచ్చెనలో ఇమడని దేశం జపాన్. 'జపాన్ మాల్' అనే మాటకు మన బజారులో ఒకప్పుడు చవక అని అర్థం వుండేది. గిటార్లలో ఆ అర్థం ఏనాడో పోయింది. ఐబానెజ్ సంస్థ జపాన్‌లో చేసే ప్రెస్టీజ్ రకం ధర అమెరికా సరుకుతో భుజం కలుపుతుంది. ఆ సంస్థే ఇండోనేసియాలో, చైనాలో చేయించే రకాలు ఇరవై వేల నుంచి దొరుకుతాయి. యమహా పసిఫికా రకాలు ఎక్కువగా ఇండోనేసియావే. ఆ సంస్థకు చెన్నై వద్ద 2019 నుంచి కర్మాగారం వుంది. కాని అక్కడ తయారవుతున్న గిటార్లు కరెంటు అక్కరలేని సాధారణ రకాలు. కలకత్తా ముద్రలలో గివ్‌సన్ పేరు పాతది, ధర పదివేల లోపునే వుంటుంది. భారతీయ పేరు వున్నంత మాత్రాన చెక్క మీద పని కూడా ఇక్కడే జరిగిందని అనుకోనక్కరలేదు. పేరు ముంబైది, సరుకు చైనాది అయిన రకాలు మార్కెట్లో లేకపోలేదు.

పని దేశాలు మారిన కథ

ఇదంతా ఎలా వచ్చిందో తెలిస్తే ధరలో సరుకు ఎంతో, పేరు ఎంతో కొంత తేటపడుతుంది. ఫెండర్‌ను 1965లో సి.బి.ఎస్. ప్రసార సంస్థ ఒక కోటీ ముప్ఫయి లక్షల డాలర్లకు కొన్నది. ఆ తరువాతి కాలంలో సరుకు నాణ్యత తగ్గిందని వాద్యకారులు గోలపెట్టారు. అదే సమయంలో జపాన్ కర్మాగారాలు అమెరికా నమూనాలను చూసి చేసిన గిటార్లు తక్కువ ధరకు, మంచి పనితనంతో వచ్చాయి. గిబ్సన్ యాజమాన్యం 1977లో ఐబానెజ్ అమెరికా శాఖపై కోర్టుకెక్కింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఫెండర్ వారు వేరే దారి పట్టారు. పోటీదారుని ఊళ్లోనే కొలువుదీరి, 1982లో ఫెండర్ జపాన్ స్థాపించి, తమ నమూనాను తామే అక్కడ చేయించారు. 1985లో సంస్థ ఉద్యోగులు సి.బి.ఎస్. నుంచి కంపెనీని తిరిగి కొనుక్కున్నారు. కరోనా కర్మాగారం మొదలైంది ఆ కాలంలోనే. 1987లో మెక్సికో కర్మాగారం తోడైంది.

ఇక్కడ మారకపు రేటు రంగంలోకి వచ్చింది. 1985 సెప్టెంబరులో అయిదు పెద్ద దేశాలు న్యూయార్కులోని ప్లాజా హోటల్‌లో కుదుర్చుకున్న ఒప్పందం తరువాత యెన్ విలువ వేగంగా పెరిగింది. డాలరుకు 240 యెన్‌ల దగ్గర వున్నది రెండు మూడేళ్లలో 130 ప్రాంతానికి చేరింది. జపాన్‌లో పనివాడు మారలేదు, చెక్క మారలేదు, అయినా అమెరికాలో ఆ గిటారు ధర పెరిగిపోయింది. చవకరకం పని దక్షిణ కొరియాకు తరలింది. 1987 తరువాత అక్కడ సమ్మెలు సాగి, కూలి రేట్లు పెరిగాయి. ఇక ఇండోనేసియా, చైనాల వంతు వచ్చింది. కొరియాకు చెందిన కోర్-టెక్ సంస్థ 2007లో తన స్వదేశపు కర్మాగారాలను మూసివేసింది. ఉద్యోగాలు పోయిన కార్మికులు పన్నెండేళ్లపాటు ఆందోళన సాగించగా 2019లో ఒప్పందం కుదిరింది. నేడు స్క్వయర్, పి.ఆర్.ఎస్. ఎస్.ఇ., కొన్ని ఐబానెజ్ రకాలు, తన సొంత కోర్ట్ ముద్ర, వీటన్నిటినీ ఆ సంస్థే ఇండోనేసియాలో తయారుచేస్తున్నది. గోడ మీద నాలుగు కంపెనీలుగా పోటీపడేవి పుట్టుకలో ఒక తల్లి బిడ్డలు కావచ్చునన్నమాట.

ఈ ఊరేగింపు మన దేశం మీదుగా కూడా కొద్దిసేపు సాగింది. 1980ల చివర, 1990 ప్రాంతంలో స్క్వయర్ టూ అనే రకం కొంతకాలం భారతదేశంలో తయారై విదేశాలకు వెళ్లింది. తల భాగం మీద 'మేడిన్ ఇండియా' అని వున్న ఆ గిటార్లు ఇప్పటికీ పాత సరుకు బజారులో అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఆ పని ఇక్కడ నిలదొక్కుకోలేదు. ఆ రోజుల్లో విదేశీ గిటారు మన దగ్గరకు రావడం కూడా కష్టమే. లైసెన్సులు, భారీ సుంకాలు అడ్డు. వినియోగ వస్తువుల దిగుమతిపై పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్‌లో తొలగిపోయిన తరువాతనే మన దుకాణాల గోడలు రంగురంగుల పేర్లతో నిండాయి.

రేవు నుంచి గోడ వరకు

కొనుగోలుదారు చెల్లించే ధరలో పన్ను భాగం చిన్నది కాదు. రేవుకు చేరిన సరుకు విలువ, కిరాయి, బీమాతో కలిపి, వంద రూపాయలనుకుందాం. పదిశాతం కస్టమ్స్ సుంకం అనుకుంటే పది రూపాయలు. ఆ సుంకం మీద పదిశాతం సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి ఒక రూపాయి. మొత్తం 111 మీద 18 శాతం జి.ఎస్.టి. 19 రూపాయల 98 పైసలు. వెరసి సుమారు 131. దీనిపైన దిగుమతిదారు, దుకాణదారు లాభాలు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు వాద్యాలపై రేటు 28 శాతం వుండగా, అదే సంవత్సరం నవంబరులో 18కి తగ్గించారు. చేతితో చేసిన దేశీయ వాద్యాలకు పన్ను మినహాయింపు ఇచ్చారు గనుక కిన్నెరకు ఈ బాధ లేదు. ఆసియాన్ దేశాలతో, కొరియాతో 2010 నుంచి, జపాన్‌తో 2011 నుంచి మనకు వాణిజ్య ఒప్పందాలున్నాయి. సరుకు అక్కడే పుట్టినట్లు ధ్రువపత్రం చూపగలిగిన దిగుమతిదారుకు ఒప్పందంలోని రాయితీ వర్తించవచ్చు. అంటే దేశం పేరు వాద్యకారునికి ఒక అర్థమిస్తే, కస్టమ్స్ అధికారికి మరొక అర్థమిస్తుంది.

డాలరు సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2025లో అది 85 రూపాయలు దాటింది. అమెరికాలో 800 డాలర్లున్న మెక్సికో గిటారు ఇక్కడ పన్నులతో ఎనభై, తొంభై వేల మధ్యకు ఎందుకు వచ్చిందో పాఠకులు పెన్సిలు తీసుకుని లెక్క వేసుకోవచ్చు. దుకాణదారు మనిషి ముఖం చూసి చెప్పిన ధర కాదది.

కనపడని చోట తేడా

అయితే పుట్టినచోట ధరే ఎందుకు తేడా? మొదటి కారణం కూలి. కాలిఫోర్నియా పనివాని ఒక గంట వేతనంతో ఇండోనేసియాలో పనివాని చేత ఎన్నో గంటలు పనిచేయించవచ్చు. చెక్కను కోసేది నేడు అన్ని దేశాలలోనూ కంప్యూటరు యంత్రమే. కోతలో తేడా పెద్దగా లేదు. యంత్రం దిగిన తరువాత మనిషి చేయి పడే పనిలోనే తేడా వుంది. మెట్ల అంచులు గుండ్రంగా అరగదీయడం, అన్ని మెట్లు ఒకే ఎత్తున వున్నాయా అని చూడటం, మెడ అంచులు చేతికి ఒరుసుకోకుండా నునుపు చేయడం వంటివి. చవకరకంలో ఈ పనికి కేటాయించిన నిమిషాలే తక్కువ.

రెండవది సామగ్రి. విద్యుత్ గిటారులో నాదాన్ని పుట్టించేది ప్రధానంగా చెక్క బుర్ర కాదు, తీగల కింద వుండే పికప్. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటె సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన పెట్టె అది. తీగ కదిలితే అందులో విద్యుత్తు పుడుతుంది. మేలురకంలో అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిపిన ఆల్నికో అయస్కాంతాలు వాడితే, చవకలో సిరామిక్ అయస్కాంతాలు వాడతారు. ఇక్కడే ఒక విశేషం వుంది. ఇండోనేసియా క్లాసిక్ వైబ్‌లో ఆల్నికో రకమే వుంటుంది. అందువల్లనే నలభై ఎనిమిది వేల సరుకు చెవికి ఎనభై ఐదు వేల సరుకుకు దగ్గరగా వస్తుంది. ఆ రకం 2008లో మొదలైనప్పుడు చైనాలో తయారయ్యేది. 2019 నుంచి ఇండోనేసియాకు మారింది. రెండు చోట్లా మంచి పేరే తెచ్చుకుంది. మరో పక్క బిరడలు, తీగలు ఆనే దిమ్మ, స్విచ్చులు, రంగు వంటి వాటిలో ధరకు తగిన తేడా కనిపిస్తుంది. బిరడ జారితే శ్రుతి నిలవదు. ఇరవై వేల రకంలో మొదట ఇబ్బంది పెట్టేది అదే.

మన ప్రాంతపు పాఠకులకు ఈ విద్య కొత్తది కాదు. పోచంపల్లి చీరను, సూరత్‌లో అచ్చువేసిన పోచంపల్లి బొమ్మ చీరను పక్కపక్కన పెడితే ముందు వైపు నుంచి చూసి చెప్పడం కష్టం. తిరగేస్తే నేసినదానికి రెండువైపులా ఒకే రంగు, అచ్చుదానికి వెనుక వెలిసిపోయి వుంటుంది. గిటారును కూడా తిరగేసి, మెడ పక్కన వేలు నడిపి చూడవలసిందే.

అడవి చెక్క కథ

మెడ మీద మెట్లు దిగగొట్టే పట్టీకి దశాబ్దాలుగా పేరుపడ్డది మన ఇరుగుడు చెక్క. కొన్ని చోట్ల జిట్రేగి అంటారు. ప్రపంచంలోని ఖరీదైన గిటార్లలో భారతదేశపు ఇరుగుడు చాలా వుంది. 2011 ఆగస్టులో అమెరికా అధికారులు గిబ్సన్ కర్మాగారాలపై దాడిచేసి భారత్ నుంచి వచ్చిన ఇరుగుడు, నల్లచేవ పట్టీలను పట్టుకున్నారు. అవి తయారైన భాగాలా, ఎగుమతి చేయకూడని ముడి చెక్కా అన్నది తగాదా. అంతకు ముందు మడగాస్కర్ నుంచి తెచ్చిన నల్లచేవ చెక్కపై వున్న కేసుతో కలిపి 2012లో రాజీ కుదిరింది. గిబ్సన్ మూడు లక్షల డాలర్లు జరిమానా కట్టింది. మన చెక్క మాత్రం తిరిగి దాని చేతికి వచ్చింది.

2017 జనవరి 2 నుంచి ఇరుగుడు జాతి మొత్తాన్ని అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు నియంత్రణ జాబితాలో చేర్చారు. ప్రతి గిటారుకు కాగితాలు కావలసి రావడంతో తయారీదార్లు కంగారుపడి వేరే చెక్కలకు మారారు. మెక్సికో ఫెండర్లకు దక్షిణ అమెరికా పావ్ ఫెర్రో చెక్క వచ్చింది. ఇండోనేసియా స్క్వయర్లకు 'ఇండియన్ లారెల్' వచ్చింది. ఈ పేరు చూసి మురిసిపోయే కుర్రవాళ్లకు తెలియనిదేమంటే, అది మన నల్లమద్ది. అమ్రాబాదు అడవుల వైపు తిరిగినవారికి మొసలి వీపు వంటి బెరడుతో వుండే ఆ చెట్టు తెలిసే వుంటుంది. మన వైపు నాగలికీ దూలానికీ వాడిన చెక్క పేరు మార్చుకుని, మెట్లు దిగగొట్టించుకుని, డాలరు ధరకు దుకాణం గోడ ఎక్కింది. 2019 నవంబరు 26 నుంచి తయారైన వాద్యాలకు సైటీస్ నియంత్రణలో మినహాయింపు వచ్చినా, చవకరకాలు నల్లమద్దిని వదలలేదు. ఇరుగుడు కాదు గనుక నాసి అనడం సరికాదు. గట్టి చెక్కే. కాకపోతే కొంచెం బరక, నూనె తక్కువ.

ఎండాకాలం పరీక్ష

హైదరాబాదు దుకాణదారు చెప్పని విషయం ఒకటి వుంది. దీనికి మూల్యం చెల్లించినవాడిని గనుక వివరంగా రాస్తున్నాను. బి.కాం. చివరి సంవత్సరంలో ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన తొమ్మిదివేల ఐదువందలు పెట్టి ఒక గిటారు కొన్నాను. జపాన్‌ది అని చెప్పారు. అతికించిన కాగితం మీద కూడా అలాగే వుంది. మే నెలలో రేకుల గదిలో గోడకు ఆనించి పెట్టాను. జూన్ నాటికి మెడ వంగి, తీగలు మెట్లకు చెంచాడంత ఎత్తున లేచాయి. బాగుచేయడానికి తీసుకెళితే ఆ పనివాడు మెడ విప్పి, లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ పేరుకే వుందని చూపించాడు. చెక్క మీద వున్న ముద్ర జపాన్‌ది కాదు. అమ్మినచోట అడిగితే రసీదు ఏదన్నారు. రసీదు తీసుకోలేదు. వాణిజ్యశాస్త్రం చదువుతున్న విద్యార్థి చేసిన పని అది.

మన మెట్టప్రాంతంలో ఏప్రిల్, మే మధ్యాహ్నాలలో గాలిలో తేమ 30 శాతానికి దిగువకు కూడా పోతుంది. గిటారు చెక్కకు సుఖంగా వుండేది 45, 55 మధ్య. పొడిగాలికి పట్టీ చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, లోహపు మెట్టు కుంచించుకోదు. ఫలితంగా మెట్ల కొనలు అంచు దాటి ముళ్లలా బయటికి వచ్చి చేతిని గీరుతాయి. చెక్కను బాగా ఆరబెట్టకుండా తొందరపడి చేసిన చవకరకంలో ఇది ఎక్కువ. అయితే అమెరికా గిటారు కూడా దీనికి అతీతం కాదు. లక్షా ఎనభై వేలు పెట్టినా రేకుల గదిలో పెడితే అదే గతి. దీనికి మందు చవకే. గిటారును పెట్టెలో వుంచి, చిల్లులున్న సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి ముక్క పెట్టి, పక్కన వుంచాలి. నీళ్లు చెక్కకు తగలకూడదు. వానాకాలంలో స్పాంజి తీసివేయాలి. తుక్కుగూడ దాటగానే కారు డిక్కీలో గిటారు వుందన్న సంగతి మరచిపోయేవారు పాలమూరు చేరేసరికి ఏం జరుగుతుందో గుర్తుంచుకోవాలి.

దుకాణంలో చూడవలసినవి

తల వెనుక గాని, మెడ అడుగున గాని అంకె వుంటుంది. ఫెండర్ వారి ఇటీవలి సరుకులో ఆ అంకె ముందు యు.ఎస్. అని వుంటే అమెరికా, ఎం.ఎక్స్. అయితే మెక్సికో, జె.డి. అయితే జపాన్. స్క్వయర్ మీద ఐ.సి.ఎస్. వుంటే ఇండోనేసియాలో కోర్-టెక్ చేసినది. యు.ఎస్., ఎం.ఎక్స్. తరువాతి రెండంకెలు సంవత్సరం. కాగితం ముద్రను నమ్మవద్దు, ఊడేది అదే ముందు. 'గిబ్సన్' అని తల మీద వుండి ముప్ఫయి వేలకు ఎవరైనా ఇస్తామంటే అది చైనా నుంచి వచ్చిన దొంగ సరుకని నిస్సందేహంగా అనుకోవచ్చు. అసలు ఎపిఫోన్ దానికంటె ఎన్నో రెట్లు మేలు.

ఒక్కో మెట్టు మీద ఒక్కో తీగ మీటి, ఎక్కడైనా గరగరమంటున్నదా చూడాలి. తీగను గట్టిగా లాగి వదిలి, శ్రుతి నిలిచిందా చూడాలి. మెడ అంచున వేలు రాసి చూడాలి. ఒకే రకంలో మూడు వుంటే మూడూ దింపించాలి. చవకరకంలో ఒకదానికీ మరొకదానికీ పనితనంలో తేడా, ఒక దేశానికీ మరొక దేశానికీ వున్న తేడా కంటె ఎక్కువ వుండటం కద్దు. తిరిగి అమ్ముకునే వుద్దేశం వున్నవారికి మాత్రం అమెరికా, జపాన్ పేర్లు పనికివస్తాయి. పాత సరుకు బజారులో వాటికి ధర నిలుస్తుంది. పాతిక వేల లోపు సరుకు దుకాణం గడప దాటగానే సగానికి పడుతుంది.

మా అభిప్రాయంలో, చర్చి బృందానికైనా నేర్చుకునే విద్యార్థికైనా ఇండోనేసియా మేలురకం చాలు. దానిపైన పెట్టే నలభై వేలలో కొంత సరుకు వుంది, కొంత పేరు వుంది. మెక్సికో నుంచి అమెరికాకు ఎక్కే లక్షలో పేరు వాటా ఇంకా పెద్దది. వేదిక మీద రోజూ వాయించి సంపాదించేవారికి ఆ లెక్క వేరు. గిటారు ఒక్కటే కొంటే శబ్దం రాదన్నది మరచిపోరాదు. యాంప్లిఫయరు, వైరు, పెట్టె, పని తెలిసినవాని చేత ఒకసారి మెట్లు, మెడ సరిచేయించడం, అన్నీ కలిపి పది, పదిహేను వేలు వేరే పెట్టుకోవాలి.

దేవరకొండ రైతుకు ఇదే చెప్పాము. ఆయన మళ్లీ హైదరాబాదు వెళ్లి, నలభై ఎనిమిది వేలది బేరమాడి నలభై ఆరుకు తెచ్చారు. మూడు దింపించారట. రెండవది నచ్చిందని కుమారుడన్నాడు. మిగిలిన డబ్బులో యాంప్లిఫయరు కొన్నారు. రసీదు తీసుకున్నారా అని అడిగాను. జేబులోంచి తీసి చూపించారు.